ఎర్రపోగు

"జర ఆగయ్యా! గా గొంగడి నాది!"

చార్మినార్ ముందు టాంగా దిగీ దిగగానే బాలనర్సమ్మ కేక వేసింది. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు, దసరా వెళ్ళాక, నిడమనూరు నుంచి మొదటిసారి పట్నం చూడ్డానికొచ్చింది. రెండు రోజులుగా భర్త ఈదయ్య వెనకే బిక్కుబిక్కుమంటూ తిరిగిన మనిషి, పరుగున పోయి మక్కకంకులు కాల్చే ముసలాయన భుజం మీది గొంగడి పట్టుకుంది.

ఈదయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి. "ఏందే గిది? గొంగళ్ళన్నీ నల్లగనే ఉంటయి. ఇడువు!"

ముసలాయన విసనకర్ర పడేసి లేచాడు. "నేనేమన్న దొంగనా? ఆరేండ్ల కింద సూర్యాపేట అంగడిల కొన్న."

"దొంగవని ఎవలన్నరు? గిటు సూడు." ఆమె అంచు తిప్పింది. నల్ల ఉన్ని మూలన చిన్న ఎర్రపోగు. "నేసింది ఈయన. ఉన్ని వడికింది నేను. నేను వడికినదానికి గీ పోగు ఏస్త."

ముసలాయన ఆ పోగును వేలితో తడిమాడు. ఇన్నేళ్ళూ కప్పుకున్నా దాన్ని చూడనే లేదు. "ఆరు చలికాలాలు నన్ను కాసింది నువ్వేనా బిడ్డా!" అంటూ వేడి కంకి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఈదయ్య ఊపిరి పీల్చుకున్నాడు. "ఇగ పా, మీదికెక్కుదాం. నా ఎనకనే రా, తప్పిపోతవ్."

బాలనర్సమ్మ కంకి కొరుకుతూ అతన్ని దాటి ముందుకు నడిచింది.

"నేనేడ తప్పిపోత? ఆరేండ్ల సంది గీడనే ఉన్న."