చెమ్మ ఆరని పెట్టె

"గ్లాసుడు వాననీళ్ళు ఇప్పిస్తారా అమ్మా?"

గుమ్మంలో నిలబడి అడిగాడు ముసలాయన. చేతిలో గడ్డిటోపీ, ఒంటిమీద ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కా.

క్యూబాలోని పినార్ దెల్ రియోలో దాహమేసినవాళ్ళెవరూ వాననీళ్ళే కావాలని పట్టుబట్టరు. ఎలోయిసా వింతగా చూసి, పెరట్లో పీపాలోంచి ముంచి తెచ్చింది.

ఆయన తాగలేదు.

"నాక్కాదు, మీ చుట్టల పెట్టెకి. గాలి పొడిగా ఉంది కదా, ఎండిపోతుంటుందని వచ్చాను."

"పెట్టె ఉందని మీకెవరు చెప్పారు?"

"ఫ్యాక్టరీలో చుట్టలు చుడతాను. సెవెరినో అంటారు. ఎవెలియో చదువుతుంటే విన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి."

ఎవెలియో ఆమె భర్త. ఫ్యాక్టరీలో ఎత్తు పీట మీద కూర్చుని, చుట్టలు చుట్టేవాళ్ళకి విసుగు పుట్టకుండా పేపర్లూ నవలలూ గట్టిగా చదివి వినిపించడమే ఆయన ఉద్యోగం. గొంతులో జబ్బు చేసి పోయాడు. ఆయన పీట పక్కనే ఎప్పుడూ ఉండే దేవదారు పెట్టెని, నిండా చుట్టలతో, ఫ్యాక్టరీవాళ్ళు ఇంటికి పంపించారు.

పిల్లల్లేరు. ఆ గొంతు పోయాక ఇంట్లో మాటే లేకుండా పోయింది.

రోజూ సాయంత్రం ఎలోయిసా పెట్టె మూత తీసి వాసన చూసుకునేది. ముప్పై ఏళ్ళు ఆయన చొక్కాల్లో పీల్చిన వాసన. ఈమధ్య అది పలచబడుతోంది. అదీ పోతే ఇక తనకి ఆయన ఏ రూపంలోనూ మిగలడని ఆమెకి బెంగ పట్టుకుంది.

అందుకే ముక్కూమొహం తెలియని మనిషిని లోపలికి రమ్మంది.

సెవెరినో పెట్టె మూత ఎత్తి వదిలాడు. అది నింపాదిగా దిగింది.

"మంచి పెట్టె. మూత వేస్తుంటే లోపలి గాలి నిట్టూర్చినట్టు బయటికి రావాలి. దబ్బున పడిందంటే ఎంత ఖరీదైనా దండగే."

గుడ్డ తడిపి, గట్టిగా పిండి, లోపలి చెక్కలన్నీ తుడిచాడు.

"తుడవాలి తప్ప తడపకూడదు. చెమ్మ ఎక్కువైతే బూజు, తక్కువైతే పొట్టు. పంపునీళ్ళు మాత్రం వద్దు, మరకలు కడతాయి. రోజూ తెరుస్తున్నారా?"

"లేదే" అని అబద్ధమాడింది.

"తెరవండి, ఫరవాలేదు. నేనొచ్చి చూసుకుంటుంటాను."

మర్నాడు మూత తీసేసరికి వాసన గుప్పుమంది. ఎలోయిసా పెట్టె మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది.

అప్పట్నుంచి కొన్ని ఆదివారాలు సెవెరినో వచ్చేవాడు. ఆమె కాఫీ పెట్టేది. ఆమె చెప్పేది, ఆయన వినేవాడు. అటక మీంచి రెండో కప్పు మళ్ళీ కిందికి దిగింది.

ఎదురింటి నెరేయిదా ఊరుకుంటుందా.

"ఏం వదినా, ఆదివారం వస్తే పెళ్ళికొడుకు దిగుతున్నాడు?"

"నోర్ముయ్యవే. ఆయన పెట్టె చూడ్డానికి వస్తాడు."

"నేననేదీ అదే. ఆ చూపంతా పెట్టె మీదే. టూరిస్టులకి అమ్ముకుంటే బోలెడు డబ్బు, అవి మామూలు చుట్టలా?"

ఆ మాట ముల్లులా దిగింది.

తర్వాతి ఆదివారం ఎలోయిసా కాఫీతో వచ్చేసరికి సెవెరినో చొక్కా జేబులోకి రెండు చుట్టలు జారుతున్నాయి.

"జేబులో ఏంటవి?"

ఆయన తడబడ్డాడు.

"వీటిలో పస పోయిందమ్మా. తీసేస్తున్నాను."

"పస పోయినా అవి మా ఆయనవి. ఇందుకా ఇన్నాళ్ళూ మంచివాడిలా తిరిగావు? దొంగా."

ఆయన చుట్టలు బల్లమీద పెట్టాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

ఎలోయిసా తనే వాననీళ్ళతో తుడిచింది. చెమ్మ నిలిచింది, బూజు రాలేదు. కానీ వాసన మాత్రం రోజురోజుకీ తరిగిపోయింది. ఒక సాయంత్రం మూత తీస్తే ఉత్త చెక్క వాసన వచ్చింది.

పౌరుషం చంపుకుని, ఒక చుట్ట రుమాల్లో చుట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళింది. గేటు దగ్గర మార్సెలీనా అనే పాత కార్మికురాలు భోజనం ముగించి చేతులు కడుక్కుంటోంది.

"సెవెరినోనా? పోయిన నెల్లో పోయాడమ్మా. నా అన్నవాళ్ళు లేరు. మేమే మోశాం."

ఎలోయిసా ఏం చేయాలో తోచక రుమాలు విప్పింది.

మార్సెలీనా చుట్టని అటూ ఇటూ తిప్పింది. "ఇది ఆయన చేతిదే."

"కాదు. ఇది మా ఆయన ఎవెలియో మిగిల్చిపోయింది."

"ఎవెలియో మిగల్చడమేంటి? డాక్టరు చుట్ట మానేయమన్న రోజే ఉన్నవన్నీ మాకు పంచేశాడు. పెట్టె ఖాళీ. ఆవిడ మూత తీస్తే ఏమీ లేకపోతే ఎలా అని సెవెరినోనే తన వాటా చుట్టలు సర్ది పంపించాడు. రోజూ మాకు కాల్చుకోడానికి కొన్ని ఇస్తారు, ఆయనకి అలవాటు లేదు. వాసన తగ్గినప్పుడల్లా పాతవి తీసి కొత్తవి పెట్టొచ్చేవాడు కూడా."

"మరి నాతో ఒక్క మాట అనలేదేం?"

"చెబితే అవి మీ ఆయనవి కాకుండా పోతాయట."

ఎలోయిసా మొండిగా తల ఊపింది. "ఎవరివైతేనేం, ఆ వాసన మాత్రం మా ఆయనదే. నాకు తెలీదా?"

"అదెక్కడికి పోతుందమ్మా" అంది మార్సెలీనా. "చదివి వినిపిస్తున్నందుకని సెవెరినో మొదట్నుంచీ తన వాటా మీ ఆయనకే ఇచ్చేవాడు. ఎవెలియో ఇంకొకరు చుట్టింది నోట పెట్టి ఎరగడు."

ముప్పై ఏళ్ళుగా ఎలోయిసా మొగుడి వాసన అనుకుని పీల్చింది, దొంగ అని తను గుమ్మం దాటించిన మనిషి చేతి వాసన.