పిడికిలెత్తి చదివే పాఠం

“ఖదీర్ సార్, గిదేం నినాదం?”

సమ్మె కమిటీ కన్వీనర్ ఆగయ్య సారు గొంతు వినగానే ఖదీర్ చేతిలోని ఇంగ్లిష్ వాచకాన్ని వీపు వెనక్కి దాచాడు. సకల జనుల సమ్మెతో బడులకు తాళాలు పడి నెల దాటింది. కేసముద్రం రోడ్డు పక్కన దీక్షా శిబిరంలో పదో తరగతి పిల్లలు జంపఖానా మీద కూర్చుని పిడికిళ్లెత్తి గొంతు చించుకుంటున్నారు. దూరం నుంచి వింటే అవి అచ్చం నినాదాలే. దగ్గరికి వస్తేనే చిక్కు.

“ది ఓల్డ్ ఫార్మర్ సోల్డ్ హిజ్ బుల్లక్స్!” అని సుమయ్యా అరిచింది.

“సోల్డ్ హిజ్ బుల్లక్స్!” అని మిగతా పిల్లలు అందుకున్నారు.

“ఎడ్లమ్ముకున్న రైతు గోస సార్. ఢిల్లీవాళ్లకు సమజ్ గావాల్నని ఇంగ్లిష్‌ల...” ఖదీర్ నసిగాడు.

“నా చెవుల పువ్వులు పెట్టకున్రి. గిది క్లాసు! సమ్మెల క్లాసు చెప్పుడంటే మన కాళ్లు మనమే నరుక్కునుడు.”

తెలంగాణ అంటే ఖదీర్‌కూ ప్రాణమే. అందరితో పాటు జీతం వదులుకుని కూర్చున్నవాడే. కానీ మార్చిలో పరీక్షలు ఆగవు కదా! మొన్నమొన్నటి దాకా అక్షరాలు కూడబలుక్కుని, ఒక్క ముక్కా అర్థం కాక బిక్కమొహం వేసిన సుమయ్యా ఇప్పుడు తనే పేరా చదివి, ఆ రైతు ఎడ్లను ఎందుకు అమ్ముకున్నాడో చెబుతోంది. ఇప్పుడు ఆపేస్తే ఆ పిల్ల చదువు మళ్లీ మొదటికొస్తుంది. ఆ మాట తలచుకుంటేనే అతనికి దిగులు ముంచుకొచ్చింది.

“పిల్లలను లేపున్రి,” అని ఆగయ్య గద్దించాడు. “రేపటి నుంచి ఒక్కలు గూడ కనబడొద్దు. లేకుంటే కమిటీలకెల్లి మీ పేరు కొట్టేస్త.”

అంతలో పోలీసు జీపు వచ్చి ఆగింది. ఈమధ్యే బదిలీ మీద వచ్చిన హెడ్ కానిస్టేబుల్ లాఠీ తిప్పుకుంటూ దిగాడు.

“ఎవలిక్కడ కన్వీనర్?”

“నేనే,” అన్నాడు ఆగయ్య ఛాతీ విరుచుకుని.

“చిన్నపిల్లలను దీక్షల కూసోబెడ్తరా? కేసైతది. ఎక్కున్రి జీపు.”

విరుచుకున్న ఛాతీ కాస్తా గాలి తీసినట్టు దిగిపోయింది.

“దీక్ష ఎక్కడిది సాబ్? గిది క్లాసు! ఖదీర్ సార్ ఇంగ్లిష్ చెప్తున్నడు. కావాల్నంటే అడుగున్రి.”

“నిజమేనా సార్?”

క్షణం కిందటే క్లాసు కాదని బుకాయించిన ఖదీర్ బుద్ధిగా తలూపాడు. “క్లాసే సాబ్.”

“మరి మీరేం చేస్తున్నరు ఈడ?” అని హెడ్ కానిస్టేబుల్ ఆగయ్య వైపు తిరిగాడు.

“నేను లెక్కల సార్‌ను. నా పీరియడ్ కోసమే ఆగిన.”

“అట్లనా? చెప్పున్రి, నేను గూడ జర వింట.”

ఆగయ్య అటూ ఇటూ చూశాడు. కమిటీవాళ్లెవరూ కనబడలేదు. ఇక గత్యంతరం లేక పిడికిలెత్తాడు.

“ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్!”

“ఏ ప్లస్ బీ ఇంటూ ఏ మైనస్ బీ!” పిల్లల కేకలకు టెంటు అదిరింది.

హెడ్ కానిస్టేబుల్ లెక్క అంతా అయ్యేదాకా కదలకుండా విన్నాడు.

“మంచిగున్నది. రోజూ గీ యాళ్లకే వస్త. క్లాసు నడిస్తే సరే. నడవని దినం గిది దీక్షే అని కేసు రాస్త.”

ఖదీర్ నవ్వు బయటికి రాకుండా చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. సుమయ్యా చదువు ఆగదు, అది చాలు అతనికి.

హెడ్ కానిస్టేబుల్ జీపులో ఒక కాలు పెట్టి, వెనక వరుసలోకి చూసి కేకేశాడు.

“బిడ్డా స్పందనా! ఇంగ్లిష్, లెక్కలు అయినయి. మీ సైన్స్ సార్ ఏ టెంట్ల కూసుంటడో మీ నాయినకు చెప్పు!”