తప్పు వాయించనివ్వని తొడుగులు

మా అబ్బాయి విక్టర్‌కి అరవై రెండేళ్లు, గుండెలో రెండు స్టెంట్లు. అయినా ఆదివారం చర్చిలో బేస్ గిటారు మానడు. రోజూ ముందుగదిలో సాధన చేస్తుంటే, నేను వంటింట్లో బియ్యం ఏరుకుంటూ చెవి అటే పెట్టేదాన్ని. వేళ్లు వణికి ఎక్కడో తప్పేవాడు, "ఛ" అనుకునేవాడు. అది వినబడితే నాకు ధైర్యం.

ఇప్పుడు అందరిలాగే వాడూ వాయించే తొడుగులు తెచ్చుకున్నాడు. చేతికి తగిలిస్తే వేళ్లని అవే నడుపుతాయి. మొన్న గంటసేపు ఒక్క తప్పూ లేకుండా వినబడింది. కాఫీ ఇద్దామని వెళ్తే వాడు కుర్చీలో తల వాల్చేసి ఉన్నాడు, వేళ్లు మాత్రం తీగల మీద ఆడుతున్నాయి. నా చేతిలో గ్లాసు జారిపడ్డాక కళ్లు తెరిచాడు.

"కునుకు పట్టిందమ్మా. దానికే ఏడుస్తావా?"

"తీసెయ్‌రా వాటిని."

"తీస్తే క్వయర్‌లో నన్నెవరు నిలబడనిస్తారు?"

"పోనీ మధ్యలో ఒక తప్పు వాయించు నాన్నా. ఉన్నావని తెలుస్తుంది."

నవ్వి, వేలు పక్క తీగ మీదకి జరిపాడు. తొడుగు దాన్ని మెల్లగా వెనక్కి లాగింది. ఈసారి పళ్లు బిగించి జరిపాడు. మళ్లీ లాగింది. వాడింక నవ్వలేదు.

అప్పటినుంచి బియ్యం పళ్లెం తెచ్చుకుని వాడి ఎదురుగానే కూర్చుంటున్నాను. చూపు వాడి ఛాతీ మీదే ఉంటుంది కాబట్టి, అన్నంలో రాళ్లు వస్తున్నాయి.