తిమ్మక్క బీరపాదు

తిమ్మక్క బీరపాదులో వేలితో మట్టి కెలికింది. గింజ బయటపడింది. నాటి ఇన్నాళ్లయినా నోరు విప్పలేదు. పక్క పాదులోనూ అదే సంగతి.

మాఘమాసం వెళ్లకముందే పెరడంతా తవ్వింది. మాగిన పేడ ఎరువు తట్టలతో మోసింది. పందిరికి గుంజలు పాతింది. స్నానాల నీళ్లు కూడా వృథా పోనీయకుండా బిందెలకెత్తి పాదులకు పోసింది. యాడికి లాంటి కరువు ఊళ్లో నీళ్ల సంగతి వేరే చెప్పాలా! ఎండ ముదిరేలోగా తీగ పందిరెక్కకపోతే ఈ ఏటికి బీరకాయ మీద ఆశ వదులుకోవలసిందే.

ఊళ్లో తిమ్మక్క పేరు చెబితే బీరకాయే గుర్తొస్తుంది. గింజలు ఎవరడిగినా లేదనదు. "రేపు రాపో" అని, మర్నాడు గుడ్డలో కట్టి ఇస్తుంది. అయినా అవి ఇంకెవరి పెరట్లోనూ మొలవవు. "ఆయమ్మ చేతి మహిమ" అంటారు అందరూ. ఆ మాట వింటే తిమ్మక్కకు కడుపు నిండిపోతుంది. అంత పేరున్న పాదుకు ఈ ఏడు విత్తనమే లేకుండా పోయింది. విత్తనానికని అటక మీద దాచిన కాయల్ని ఎలుకలు కొట్టేశాయి. అప్పుడు పొరుగింటి ఇంద్రాణే గోడ మీంచి పిడికెడు గింజలు ఆమె కొంగులో పోసింది.

"యాడివే ఇవి? మడకశిరలో మీ అమ్మోళ్లింటివా?"

"ఇప్పుడడగొద్దక్కా. కాయ కాసినంక చెప్తాలే" అని నవ్వింది ఇంద్రాణి.

ఆ నవ్వు గుర్తొచ్చి తిమ్మక్కకు ఒళ్లు మండిపోయింది. తోడబుట్టిన దానికన్నా ఎక్కువగా చూసుకుందే! మొలవని గింజలు పిడికిట పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లింది.

"ఇంద్రాణీ! ఇట్ల రా. సచ్చిన గింజలిచ్చినావు గదే నాకు!"

ఇంద్రాణి అంట్ల చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏమైందక్కా?"

"ఒక్కటీ మొలవలే. నీకు జరమొస్తే నీ ఇంటికి గంజి మోసిన దాన్నే నేను! నా పేరు చూసి ఓర్వలేక ఇంత మోసం చేస్తివా?"

ఇంద్రాణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంత మాటనొద్దక్కా. అవి నీ గింజలే."

"నావి యాడుండాయే? ఎలుకలు తినిపాయె గదా!"

"ముందటేడు నాటుకోమని నువ్వే ఇచ్చింటివి. అప్పుడు మా బోరు ఎండిపాయె, నాటలేకపోయినా. నీ చేతి గింజలు పారేసేకి మనసు రాక, డబ్బాలో బూడిద పోసి దాచిపెట్టినా. నీ విత్తనం మళ్లా నీ పందిరెక్కితే చూసి, అప్పుడు చెప్దామనుకున్యా." కళ్లు తుడుచుకుంది. "బూడిద తక్కువేసినానేమో. నాదే తప్పుండొచ్చులే అక్కా."

తిమ్మక్క పిడికిలి విప్పి గింజల వంక చూసింది.

ఎవరికిచ్చే గింజలనైనా ముందు పెనం మీద వేయించేది తిమ్మక్క.