మెట్ల మీద వంట

కాంట్రాక్టర్ ఆఫీసు మెట్ల మీద కండక్టరమ్మ పొయ్యి దించింది.

లోపల్నుంచి మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఇదేంటమ్మా? ఇక్కడ వంటేంటి?"

"మీ సారు నా వంటిల్లు పడగొట్టి పోయాడు. మరెక్కడ వండుకోమంటావ్? నువ్వే చెప్పు."

మేనేజరు బుర్ర గోక్కుంటూ వెనక్కి తిరిగాడు.

ఆమె బస్సు కండక్టరు. టికెట్టు కొననివాణ్ణి స్టాపు వచ్చినా దిగనివ్వని మనిషి. అలాంటి మనిషి దగ్గరే, కొత్త వంటిల్లు కట్టిస్తానని మూడొంతుల సొమ్ము ముందే పట్టుకుపోయాడు కాంట్రాక్టర్. పాతది కూల్చాడు. గోడలు లేపాడు. పైకప్పు వెయ్యకుండానే మాయమయ్యాడు.

ఫోన్ మోగుతుంది, ఎత్తడు. గోడల మీద టార్పాలిన్ కట్టుకుని ఎలాగో నెట్టుకొస్తోంది. వానొచ్చిందంటే కూరలో నీళ్లు ఆమె పొయ్యనక్కర్లేదు, ఆకాశమే పోస్తుంది.

"పోనీలేవే, మన ఖర్మ," అన్నాడు మొగుడు.

"ఖర్మ కాదు, కాంట్రాక్టర్!" అని పొయ్యి చంకనెత్తుకుని బయల్దేరింది.

మెట్ల పక్కన బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కాలరు అరిగిన చొక్కా, చేతికర్ర. మేనేజరు తెల్లమొహం వేసుకుని లోపలికి పోవడం చూసి ముసిముసిగా నవ్వాడు.

"ఆ ఉల్లిపాయలు ఇటివ్వమ్మా. ఊరికే కూర్చున్నాను, తరిగి పెడతా."

"మీకూ టోపీ పెట్టాడా బాబాయ్‌గారూ?"

"పెట్టాడమ్మా. నాది నీకంటే పెద్ద టోపీ."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన కళ్లు తుడుచుకుంటూ ఉల్లిపాయలు తరిగాడు.

కూర ఉడికింది. దారిన పోయేవాళ్లు గుమిగూడారు, నవ్వారు, వెళ్లిపోయారు. కాంట్రాక్టర్ మాత్రం రాలేదు. ఎప్పుడో వెనక గుమ్మంలోంచి జారుకున్నాడని పెద్దాయనే చెప్పాడు.

"ఎక్కడికి పోతాడు? రేపు బట్టలు కూడా ఇక్కడే ఉతుకుతా. పరువు గంగలో కలవాలి."

"పరువుకి భయపడే రకం కాదమ్మా వాడు. కోర్టుకెళ్లు."

"వెళ్తా. ఈ వెధవని బోనెక్కిస్తా."

"వాడి మీద వేస్తే నీ చేతికి చిల్లిగవ్వ రాదు. కారు, ఆఫీసు, చివరికి లోపలున్న కుర్చీలు కూడా వాడి పేరున లేవు." పెద్దాయన కర్రెత్తి గుమ్మం పైన బోర్డు చూపించాడు. "ఆ పేరు చూశావా? అది వాడి పేరు కాదు. వ్యాపారం ఆ మనిషి పేరున ఉంది. కాస్తో కూస్తో ఆస్తి ఉన్నదీ ఆ మనిషికే. కేసు అతని మీద వెయ్యి."

కండక్టరమ్మ బోర్డు వంక పరీక్షగా చూసింది.

"ఎవరా మహానుభావుడు? మీకు తెలుసా?"

"తెలుసు. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టిన దద్దమ్మ."

"దద్దమ్మయితే నాకేంటి? దొంగకి గొడుగు పట్టినవాడూ దొంగే. కొంపా గోడూ అమ్ముకుని కట్టినా నేను జాలిపడను బాబాయ్‌గారూ."

పెద్దాయన ఎత్తిన కర్ర దించాడు.

"జాలిపడకమ్మా," అన్నాడు. "మధ్యలో మెత్తబడ్డావంటే ఈ జన్మకి నీ కప్పు పడదు."

ఆమె మెత్తబడే రకమా? ఆ వారంలోనే వినియోగదారుల కోర్టులో కేసు వేసింది. లాయర్ని పెట్టుకోలేదు. తన వంతు వచ్చినప్పుడు కొంగు బిగించి నిలబడింది.

"అయ్యా, బస్సు సగం దారిలో ఆపేసి, టికెట్టు డబ్బులు మాత్రం తిరిగివ్వనంటే ఊరుకుంటారా? నా వంటిల్లు సగం దారిలో ఆగిపోయిందండీ."

జడ్జిగారికి కూడా నవ్వొచ్చింది.

బోర్డు మీది యజమాని కోర్టుకి రాలేదు. ఆమె చెప్పిందంతా నిజమేనని రాసి పంపాడు. కాంట్రాక్టర్ తలుపు దగ్గర నిలబడి పళ్లు నూరుకున్నాడు తప్ప, నోరు విప్పడానికి అతని పేరు కేసులోనే లేదు.

ఆమె ఇచ్చిన సొమ్మంతా వడ్డీతో సహా తిరిగి కట్టాలని తీర్పు వచ్చింది.

"చూశావా, నా పేరు వింటేనే జడిసి ఒప్పేసుకున్నాడు," అంది మొగుడితో.

ఈ కబురు అందరికంటే ముందు పెద్దాయనకి చెప్పాలని ఆఫీసుకి వెళ్లింది. బెంచీ ఖాళీగా ఉంది. ఆయన ఇటు రావడం మానేశాడని మేనేజరు ముక్తసరిగా అన్నాడు.

కొన్నాళ్లకు కోర్టు నుంచి పిలుపు వచ్చింది. గుమాస్తా చెక్కు ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంత తొందరగా కట్టినవాణ్ణి నా సర్వీసులో చూడలేదమ్మా. ఉన్న ఒక్క స్థలం అమ్మేశాడు."

"కట్టక ఛస్తాడా!"

"లేదమ్మా, తీర్పు కోసమే కాచుక్కూర్చున్నాట్ట. మీకు ఎప్పుడో ఇచ్చేద్దామనుకున్నాడు. కానీ స్థలం కాగితాలు కొడుకు బీరువాలో ఉన్నాయి. కాళ్లావేళ్లా పడినా ఇవ్వనివాడు, కోర్టు ఉత్తర్వు చూసి తాళం తీశాట్ట."

"ఎవరా కొడుకు?"

"ఇంకెవరు? మీ కాంట్రాక్టరే."

చెక్కు మడతపెడుతున్న కండక్టరమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఆయన్ని నేనొకసారి చూడాలి," అంది.

"ఇప్పుడే సంతకం పెట్టి వెళ్లాడమ్మా. అదిగో, బస్సెక్కుతున్నాడు."

ఆమె ఒక్క అంగలో కిటికీ దగ్గరికి వెళ్లింది. బస్సాపడానికి అలవాటుగా చెయ్యి మెళ్లోని విజిల్ కోసం వెతుక్కుంది. ఇవాళ డ్యూటీ లేదు, విజిలూ లేదు.

కర్ర ఊతంగా మెట్టెక్కి, కదిలే బస్సులోంచి ఒక్కసారి ఇటు తిరిగిన ఆ యజమాని, తన మీద కేసు వెయ్యమని తానే దారి చూపించిన పెద్దాయనే.