ఎంగిలి పడని మాతే

"వచ్చిందా?" అన్నాడు పక్క కుర్చీలోని ముసలాయన.

నేలిదా తలెత్తింది. "ఏమిటి వచ్చేది?"

"మీ ఆయనకి మూత్రం."

మొంటెవీడియో ఆసుపత్రి హాల్లో, ముక్కూ మొహం తెలియని ఆడదాన్ని అడగాల్సిన మాటేనా అది! కానీ నేలిదాకు సిగ్గుపడే ఓపిక కూడా లేదు.

"రాలేదు."

ఆమె భర్త రుఫీనోకు కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బితే ఆపరేషన్ చేశారు. కాసేపు కిడ్నీలకు రక్తం ఆపేశారు. ఎండిన కాలవలోకి ఒక్కసారిగా నీళ్లు వదిలితే గట్లు తెగినట్టు, రక్తం మళ్లీ వదిలినప్పుడే కిడ్నీలు దెబ్బతింటాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. దానికి విరుగుడుగా ఏదో యాంటీఆక్సిడెంటట, కొత్త మందు. నేలిదా సరేనన్నాకే ఎక్కించారు. అయినా మంచం పక్కన మూత్రం సంచీ ఖాళీగానే వేలాడుతోంది.

"వస్తుంది లెండమ్మా. ఆ కొత్త మందు ఎక్కించారట కదా, మంచిదే."

"మీరేమైనా డాక్టరా?" అంది ఆడపడుచు సుల్మా.

"అబ్బే, గొర్రెల బొచ్చు కత్తిరించేవాణ్ణి."

నేలిదా ఫ్లాస్కులోంచి మాతే ఆకు వేసిన సొరబుర్రలోకి వేడినీళ్లు వంచింది. అందరూ ఒకే గొట్టంతో వంతులవారీగా పీల్చుకు తాగే తేనీరది. తను తాగి, మళ్లీ నింపి సుల్మాకిచ్చింది. మళ్లీ నింపి ఆయనకిచ్చింది. పక్కన కూర్చున్నాక ఇవ్వకుండా ఎలా?

ఆయన రెండు చేతులా అందుకున్నాడు. వాసన చూశాడు. గొట్టం నోట పెట్టకుండానే తిరిగిచ్చేశాడు.

సుల్మాకు చిర్రెత్తుకొచ్చింది. "చూశావా వదినా? దొరగారికి మన ఎంగిలి పడదట!"

ఆయన రోజు విడిచి రోజు వచ్చేవాడు. కాసేపు కూర్చుని, ఎవరో పిలిస్తే లోపలికి పోయేవాడు.

మళ్లీ వచ్చినప్పుడూ అదే మాట. "వచ్చిందా?"

అప్పుడే నింపిన బుర్ర కోసం చేయి చాచాడు. నేలిదా దాన్ని ఆయన ముందునుంచే సుల్మాకు అందించింది. చాచిన చేయి కాసేపు అలాగే ఉండి జేబులోకి వెళ్లిపోయింది.

"ఇంకా రాలేదామ్మా?"

"మీకు సాఫీగా వస్తోందిగా! మీ పని మీరు చూసుకోండి!"

హాలంతా ఇటు తిరిగింది.

"తప్పేనమ్మా" అన్నాడు. టోపీ సర్దుకుని లోపలికి వెళ్లాడు.

రెండ్రోజులకు నర్సు మిర్తా నవ్వుతూ వచ్చింది. "వచ్చిందమ్మా! సంచీ సగం నిండింది. కిడ్నీలు దక్కినట్టే!"

సుల్మా భోరుమంది. నేలిదాకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. కొత్త ఆకు వేసి మాతే నింపింది. చేయి దానంతటదే పక్క కుర్చీ వైపు వెళ్లింది.

కుర్చీ ఖాళీ.

"ఆ ముసలాయన రాలేదేం? ఆయనకి చెప్పాలి."

"ఎవారిస్తో గారా?" మిర్తా నవ్వు ఆగిపోయింది. "పొద్దున పోయారమ్మా. డయాలిసిస్ జరుగుతుండగానే."

"డయాలిసిస్సా?"

"మూత్రం ఆగిపోయి చాలా కాలమైంది. గుక్కెడు నీళ్లు తాగాలన్నా భయమే పాపం."

నేలిదా చేతిలో మాతే చల్లారిపోతోంది.

"మరి మా ఆయన గురించి ఎందుకు అడిగేవాడు?"

"మీ ఆయనకిచ్చిన మందు అందరికంటే ముందు ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నది ఆయనేనమ్మా, ఎంత ఎక్కించాలో ఆయన కిడ్నీలు పోయాకే తెలిసింది."