మూడక్షరాలు

"ఇప్పటి సంది నువ్వు అరెస్ట్ అయినట్టే. కెమెరా ముందల నుంచి లేస్తే పది నిమిషాల్ల జీపు నీ ఇంటి ముందుంటది."

ఫోన్ తెరలో ఖాకీ చొక్కా మనిషి ఆ మాట అని టోపీ సర్దుకున్నాడు. పత్తర్‌గట్టి వెనక సందులో, సొంత ఇంట్లో, రోజూ కూర్చునే కుర్చీలోనే బసవయ్య ఖైదీ అయ్యాడు. అతడి ఆధార్ కార్డు మీద ఎవరో మత్తుమందు పార్సిల్ పంపారట. జైలు తప్పాలంటే మధ్యాహ్నం లోపల బ్యాంకులో ఉన్నదంతా విచారణ ఖాతాకు పంపాలట. భార్యకు ఒక్క ముక్క చెప్పినా ఆమె పేరు కూడా కేసులో చేరుతుందట.

"నేను ఏ పార్సిలూ పంపలే సార్," అన్నాడు బసవయ్య.

"అందరూ గట్లనే అంటరు. ఇంట్ల ఇంకెవరున్నరు?"

వంటింట్లో భార్య సావిత్రి ఉందని చెప్పాడు. ఈ వేళకు తాను పేపర్లో గళ్ళ నుడికట్టు చదవడం, ఆమె కూర తరుగుతూ లోపలి నుంచే జవాబులు చెప్పడం రోజూ ఉన్నదేనన్నాడు. ఇవాళ తన గొంతు వినిపించకపోతే ఏమైందని వచ్చి చూస్తుందన్నాడు.

ఖాకీ చొక్కా తల ఊపాడు. "సరే, చదువు. పజిల్ తప్ప వేరే మాట రావద్దు. నేను వింటనే ఉంట."

బసవయ్య పేపరు విప్పాడు. అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. పేపర్లో ఉన్న ఆధారాలు వదిలేసి, లేనిదొకటి తానే కట్టాడు. విషయం బయటపెట్టకుండా విషయం చెప్పడమే కదా, గళ్ళ కింద రాసే ఆ ఒక్క వాక్యం పని. ముప్పై ఏళ్ళుగా సావిత్రికి అది కొట్టిన పిండి.

"సావిత్రీ, అడ్డం ఏడు. చేతులకు వేస్తరు, గాజులైతే కావు. మూడక్షరాలు."

బేడీలు అంటుందనుకున్నాడు. కొంచెం ఆలస్యంగా జవాబు వచ్చింది.

"గోరింట."

మేడ మీద వాటాలో కృపాకర్ అనే వకీలు ఉంటాడు. ఆమె అటు వెళ్ళి ఒక్క కేక వేస్తే చాలు. బసవయ్య పేపరు మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"నిలువు నాలుగు. నల్లకోటు తొడుగుతది, గొంతు మీద బతుకుతది. మూడక్షరాలు."

"కోకిల."

ఖాకీ చొక్కా నవ్వాడు. "మీ ఆడమనిషి మస్తు హుషారున్నది."

ఇక మిగిలింది ఒక్కటే మాట. దానికి జవాబు ఆమె పేరే.

"అడ్డం పదకొండు. పిలిస్తే రావాలె, పక్కన నిలబడాలె. మూడక్షరాలు."

బసవయ్య చెవి వంటింటి వైపు పెట్టాడు.

"దేవుడు," అంది సావిత్రి.

బసవయ్య గోడ మీది వెంకన్న పటం వైపు చూశాడు. పొద్దున దీపం వెలిగించి, బంతిపూల దండ వేసింది తానే. పిలిస్తే వస్తావా స్వామీ? ఇంత ఇరుకు సందులోకి నీకు దారి తెలుసా? అలా అడగడం తప్పేమోనని దండం పెట్టబోయి, కెమెరా గుర్తొచ్చి ఆగాడు.

సావిత్రి ఎన్నడూ ఇలా జవాబు చెప్పదు. ముందు "ఏ అక్షరం పడ్డది?" అని అడుగుతుంది. అడ్డానికీ నిలువుకూ కుదిరిందాకా ఒక్క గడి నింపనివ్వదు. ఇవాళ మూడుసార్లలో ఒక్కసారీ అడగలేదు. కత్తిపీట చప్పుడు కూడా వినిపించడం లేదు.

ఆమెకేదో అయింది. ఆ ఆలోచన రాగానే జైలు భయం వెనక్కి పోయి, దానికంటే పెద్ద భయం పట్టుకుంది. బసవయ్య లేచాడు. కూర్చోమని, జీపు బయల్దేరిందని వెనక నుంచి ఫోన్ అంటూనే ఉంది. జీపు వస్తే రానీ అనుకున్నాడు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి వంటింటి గడపలో నిలబడ్డాడు.

సావిత్రి పొయ్యి పక్కన చేతులు కట్టుకుని కట్టెలా నిలబడి ఉంది. కన్నీళ్ళు చెంపల మీద అలాగే ఉన్నాయి, తుడుచుకోలేదు. భర్తను చూసి కూడా కదల్లేదు. కళ్ళతో మాత్రం బియ్యం డబ్బా వైపు చూపింది.

డబ్బాకు ఆనించి ఉన్న ఆమె ఫోన్లో ఇంకో ఖాకీ చొక్కా మనిషి మెల్లగా చెబుతున్నాడు. "మంచిగ చెప్తున్నవమ్మా. మీ ఆయన లేచి రాకుండ ఇంకో నాలుగు జవాబులు చెప్పు, ఆయన పేరు కేసుల నుంచి తీసేస్తం."